పడమర లేని ఊరికి వెడల్పు మానిటరు

చింతలమెరక పురపాలక సంఘంలో తూర్పు ఉంది, ఉత్తరం ఉంది, దక్షిణం కూడా ఉంది. పడమర మాత్రం రెండేళ్ల కిందట పోయింది. దాన్నెవరూ ఆక్రమించుకోలేదు, వరద కొట్టుకుపోలేదు. టౌన్‌ప్లానింగ్ సెక్షన్లో మ్యాపుల ఆపరేటరు హైమావతి ముందున్న మానిటరుకి ఎడమపక్క నాలుగువేళ్ల వెడల్పున తెర చచ్చిపోయింది. ఊరి మ్యాపులో పడమటి వీధులన్నీ ఆ నాలుగువేళ్ల చీకట్లోకి పోయాయి.

మ్యాపును కాస్త కుడిపక్కకి జరుపుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. హైమకీ తోచింది. కానీ ఆ ప్రోగ్రాం రాసిన కాంట్రాక్టరు మ్యాపును తెర ఎడమ అంచుకి అతికించేసి, పని ముగిసిన మర్నాడే ఫోన్ నంబరు మార్చేశాడు. పోనీ పక్క సీటు మానిటరు తెచ్చుకుందామంటే అది జనన మరణాల సెక్షన్ ఆస్తి. పుట్టినవాళ్లకీ పోయినవాళ్లకీ తప్ప మధ్యలో ఉన్నవాళ్లకి దాన్ని వాడకూడదు.

రూలు ప్రకారం కుళాయి కావాలన్నా, ప్లాను కావాలన్నా, అర్జీదారు ఇల్లు తెర మీద కనబడాలి. కనబడని ఇంటికి ఏదీ మంజూరు కాదు. ఇంటిపన్ను నోటీసులు మాత్రం వేరే సెక్షన్ పంపుతుంది. వాళ్లకి పడమర నిక్షేపంలా కనబడుతుంది.

ఆ చీకట్లో ఉన్న ఇళ్లలో పెచ్చెట్టి నూకరత్నం ఇల్లొకటి. ఆఫీసు గేటు పక్కన అట్లబండి ఆమెదే. కమిషనర్ గారి మినపట్టు మొదలు అటెండరు ఇడ్లీ దాకా ఆ ఆఫీసు ఆకలంతా ఆమె చేతి మీదుగానే తీరుతుంది. వాళ్ల నుయ్యి ఉప్పుతేలి పదకొండేళ్లయింది. అప్పట్నుంచీ తెల్లారకముందే కాలవగట్టు అవతలి కుళాయికి పోయి, చంకన బిందెతో ఎనిమిదిసార్లు తిరుగుతుంది. వీధిలోకి మంచినీళ్ల గొట్టం వచ్చి రెండేళ్లయింది. గొట్టం వచ్చిన వారానికే అర్జీ పెట్టింది. సరిగ్గా అదే వారంలో మానిటరు ఎడమ పక్క ఆరిపోయింది. అదృష్టమంటే అలా ఉండాలి.

ప్రతి సోమవారం అర్జీల రోజున పిండి చేతులు కడుక్కుని లోపలికొచ్చి, "మేడంగోరూ, మా ఈది కనబడిందాండీ?" అని అడుగుతుంది.

"ఇంకా లేదు పిన్నీ" అంటుంది హైమ. ఈ మాట వందసార్లకి పైగా అని ఉంటుంది. 

చివరికి ఓ రోజు విసుగెత్తి, 'కాస్త వెడల్పాటి మామూలు మానిటరు ఒకటి ఇప్పించగలరు' అని కాయితం రాసి మేనేజర్ భైరవస్వామి ముందు పెట్టింది.

భైరవస్వామి ముప్పయ్యేళ్ల సర్వీసులో ఏ కాయితం మీదా 'సరే' అని గానీ 'కాదు' అని గానీ రాయని మనిషి. కాయితాన్ని కళ్లజోడు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూశాడు.

"అమ్మా హైమావతీ, ఇందులో 'మామూలు' అనే పదం అభ్యంతరకరంగా ఉంది. ఈ సంవత్సరం కొనుగోలు చేయు ప్రతి వస్తువూ రాబోవు పదేళ్ల అవసరాలకు దీటుగా ఉండవలెనని సర్క్యులర్ వచ్చింది. మామూలు వస్తువులు కొనుటకు వీల్లేదు."

ఆ సర్క్యులర్ సంగతి హైమకి తెలుసు. పదేళ్ల తర్వాతి చెత్తను కూడా ఊడవగల చీపురు కోసం పారిశుద్ధ్యం వాళ్లు ఆరునెలలుగా వెతుకుతున్నారు. ఈలోగా ఊరు ఊడవడం ఆగిపోయింది.

"మరి ఏం కొనొచ్చు సార్?"

"అది నిర్ణయించుటకే కదా సంఘం వేసేది!"

అలా మానిటరు కొనుగోలు యోగ్యతా నిర్ణయ సంఘం పుట్టింది. కమిషనర్ పురుషోత్తం గారు అధ్యక్షులు, భైరవస్వామి కార్యదర్శి, ఇంజనీరు ప్రభుదాసు సాంకేతిక సభ్యుడు. హైమ ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే కుర్చీ లేదు, నిలబడి ఉండొచ్చు.

మూడు సమావేశాలు, నలభై ఏడు అట్లు అయ్యాక, సర్క్యులర్‌కి తూగే వస్తువు కేటలాగులో ఒక్కటే తేలింది. ముప్పైనాలుగు అంగుళాలది, వంపు తిరిగింది, ఓఎల్ఈడీ, అల్ట్రావైడ్, గేమింగ్ మానిటరు. సెకనుకి రెండువందల నలభైసార్లు బొమ్మ మారుతుందట. చింతలమెరక మ్యాపు మారి రెండేళ్లయింది.

"గేమింగ్ అనగా?" అన్నారు కమిషనర్.

"ఆటలాడుకొనుట సార్" అన్నాడు ప్రభుదాసు.

గదిలో గాలి బిగుసుకుంది. ప్రజల పని కోసం ఆటవస్తువు కొన్నారన్న మాట ఏ పేపరువాడి చెవినైనా పడితే కొంప మునుగుతుంది. అంతలో భైరవస్వామి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఆడగల సామర్థ్యం వేరు, ఆడుట వేరు. సదరు సామర్థ్యమును గుప్తముగా ఉంచినచో అభ్యంతరముండదు. ఆపరేటరు తనకు ఏ ఆటా రాదని హామీపత్రం ఇవ్వవలెను."

"నేను ఎనిమిదో తరగతిలో ఖోఖో ఆడాను సార్" అంది హైమ. అబద్ధం రాసిచ్చే అలవాటు ఆమెకి లేదు. ఆ సెక్షన్లో ఆమెకున్న ఒకే లోపం అది.

ఆ ఖోఖో మీద సంఘం గంటన్నర తర్జనభర్జన పడింది. ఖోఖోలో కూర్చునేదెంత, పరిగెత్తేదెంత అని ప్రభుదాసు లెక్క కట్టాడు. కూర్చున్నంతసేపూ ముందు తెర ఉండదు గనుక అది గేమింగ్ కిందికి రాదని తీర్మానం రాసుకున్నారు.

అయినా కొనాలా వద్దా అన్నది తేలలేదు. అందుకని ముప్పై రోజులు వాడి చూసి అప్పుడు తేల్చుకుందామన్నారు. దుకాణం నుంచి నిజాముద్దీన్ అనే మెకానిక్ ఆ మానిటరుని పట్టుపంచెలో చుట్టిన విగ్రహంలా తెచ్చి హైమ టేబుల్ మీద నిలబెట్టాడు. స్విచ్చి వేయగానే ఆ మూల నుంచి ఈ మూల దాకా ఊరంతా పరుచుకుంది. ఎడమపక్క పార్కు, దాని వెనక చేపల బజారు, ఆ వెనక పడమటి మెరక వీధి. వీధి చివర చిన్న పెంకుటిల్లు. ఆ ఇంటి గుమ్మానికి బారెడు దూరంలో నీలం గీత, మంచినీళ్ల గొట్టం.

హైమకి కళ్లు చెమ్మగిల్లాయి. బారెడు దూరం. దీని కోసమా రెండేళ్లు!

వెంటనే నూకరత్నం అర్జీ తెరిచింది. ఇల్లు కనబడుచున్నదని, గొట్టం దగ్గరలోనే ఉన్నదని, మంజూరు చేయవచ్చునని రాసేసింది. ఇక ఐదుగురు ఆఫీసర్లు వరసగా తెర ముందుకొచ్చి చూసి, తలా ఒక మాట రాస్తే చాలు. వచ్చే సోమవారానికి కుళాయి అనుకుంది పిచ్చిది.

నిజాముద్దీన్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, కొత్త తెర చూడవచ్చిన సంఘం వంక తిరిగాడు. "సార్, ఒక్క జాగ్రత్తండి. ఇది ఓఎల్ఈడీ కదండీ, ఒకే బొమ్మ ఒకేచోట రోజులతరబడి కదలకుండా ఉంటే, దాని అచ్చు తెర మీద పడిపోద్దండి. తర్వాత మీరు తల్లకిందులుగా తపస్సు చేసినా పోదు. ఏదీ ఎక్కువసేపు కదలకుండా ఉంచకండి."

కమిషనర్ మేనేజర్ వంక చూశారు. మేనేజర్ ఇంజనీరు వంక చూశాడు. ఇంజనీరు తన చెప్పుల వంక చూసుకున్నాడు. పదేళ్లుగా ఏదీ కదలని చోటికి ఇలాంటి వస్తువు వచ్చి కూర్చుంది.

"ఏం చేద్దామంటారు?" అన్నారు కమిషనర్ గొంతు తగ్గించి.

"మానిటరు రక్షణే ప్రథమ కర్తవ్యం సార్" అన్నాడు భైరవస్వామి.

మర్నాడు ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. 'తెరపై ఏ దస్త్రమునూ పది నిమిషములకు మించి కదలకుండా ఉంచరాదు. గడువు దాటిన దస్త్రమును మూసివేసి మరొక దస్త్రమును తెరువవలెను.' దానిలో 'పది నిమిషములకు మించి కదలకుండా ఉంచరాదు' అన్న ముక్కను స్టిక్కరుగా అచ్చేయించి మానిటరు మెడకి అంటించారు. మానిటరు మొత్తం ఎన్ని గంటలు పనిచేసిందో రిజిస్టరులో రాయాలి గనుక, రాత్రీ పగలూ ఆర్పకూడదన్నారు. కొత్త వస్తువు వెలుగు తగ్గితే అందరికీ అనుమానం గనుక, వెలుగు నిండుగా పెట్టారు.

ఆ రోజు మొదలు ఫైళ్లు తిరగలిలో గింజల్లా తిరిగాయి. ఐదుగురు ఆఫీసర్లు చూడాలి కదా. మొదటాయన కళ్లజోడు తుడుచుకుని కూర్చుని చదివేసరికి ఆరు నిమిషాలు. రెండో ఆయన 'చూచితిని' అని రాసేలోగా పది నిమిషాల గంట మోగేది. ఫైలు మూసెయ్యాలి. మళ్లీ తెరిస్తే మళ్లీ మొదటాయన నుంచి రావాలి. నూకరత్నం అర్జీ నలభైసార్లు తెరుచుకుంది, నలభైసార్లు మూసుకుంది. మూడో ఆఫీసరు దాకా ఒక్కసారే వెళ్లింది, అదీ రెండో ఆయన సెలవులో ఉన్నందువల్ల.

"సార్, ఈ ఒక్క ఫైలు పావుగంట ఉంచనివ్వండి" అని హైమ బతిమాలింది.

"అయిదు నిమిషాల కోసం జాతి సంపదకు మచ్చ తెమ్మంటావా అమ్మా?" అన్నాడు భైరవస్వామి. నిజంగానే బాధపడ్డాడు.

ముప్పై రోజులకి సంఘం ఏదీ తేల్చలేదు గనుక గడువు పొడిగించారు. అరవైకి మళ్లీ పొడిగించారు. ఈలోగా జిల్లా కేంద్రంలో ఎవరో కంప్యూటర్లో చూసి అవాక్కయ్యారు. చింతలమెరకలో ఒక్కో ఫైలు రోజుకి అయిదారుసార్లు కదులుతోంది! రాష్ట్రంలో ఎక్కడా లేని చలనం. ఫైళ్ల చలనశీలతకి ప్రథమ బహుమతి ఇచ్చారు. కమిషనర్ గారు శాలువా కప్పించుకొచ్చి దాన్ని తీసి మానిటరుకి కప్పారు. ఎన్ని ఫైళ్లు తేలాయని అక్కడ ఎవరూ అడగలేదు. అడిగుంటే, ఒక్కటీ లేదని హైమ చెప్పేసేది, ఖోఖో సంగతి చెప్పినట్టే.

తొంభయ్యో రోజున నిజాముద్దీన్ వచ్చాడు. "కొంటున్నారా, పట్టుకెళ్లమంటారా?"

"ఇంకను పరిశీలనలో ఉన్నది" అన్నాడు భైరవస్వామి.

"అయితే పట్టుకెళ్తానండి" అని అతను ఓసారి పరీక్షగా చూడ్డానికి తెరంతా తెల్లగా చేశాడు. చేసి అలాగే ఉండిపోయాడు.

పాలలాంటి తెల్లదనంలో, ఎడమపక్క పైన, లేత బూడిదరంగులో ఒక వరస అక్షరాలున్నాయి.

'1. పెచ్చెట్టి నూకరత్నం, పడమటి మెరక వీధి. కుళాయి. పరిశీలనలో ఉన్నది.'

సంగతి హైమకి ముందుగా తట్టింది. ఫైళ్లు పది నిమిషాలకోసారి కదిలాయి, నిజమే. కానీ తెర పైమూలన పెండింగు జాబితా ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. అందులో అన్నిటికంటే పాత అర్జీ మొదటి వరసలో ఉంటుంది. కింద వరసలు కొత్తవాళ్లు చేరినప్పుడల్లా మారాయి. మొదటి వరస తొంభై రోజులు, రాత్రీ పగలూ, నిండు వెలుగులో, కదల్లేదు.

"ఇది నేను తీసుకెళ్లనండి. మచ్చపడ్డ సరుకు మీదే" అన్నాడు నిజాముద్దీన్.

కొనాలా వద్దా అన్న ప్రశ్న అలా తేలిపోయింది. ఆ ఆఫీసులో పదేళ్లలో తేలిన మొదటి ప్రశ్న అది. ఇక మిగిలింది దాన్ని కాయితం మీద నిలబెట్టడం. సంఘం తలుపులేసుకుని కూర్చుంది.

"మచ్చ అనరాదు" అన్నారు కమిషనర్. "శాశ్వత రికార్డు అనవలెను."

"చిత్తం" అన్నాడు ప్రభుదాసు. "అయితే సార్, ఆ కుళాయి ఇప్పుడు మంజూరు చేసేస్తే?"

"మంజూరు చేసినచో రికార్డు అబద్ధమగును" అన్నాడు భైరవస్వామి. "తెరపై 'పరిశీలనలో ఉన్నది' అని శాశ్వతముగా ఉన్నది. కావున తెర జీవించి ఉన్నంతకాలం సదరు అర్జీని పరిశీలనలోనే ఉంచుట న్యాయము. వారంటీ మూడేళ్లు."

నిలబడి ఉన్న హైమ ఏదో అనబోయింది. ప్రత్యేక ఆహ్వానితులు మాట్లాడరాదని గుర్తుచేశారు.

అర్జీల సోమవారం వచ్చింది. నూకరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. హైమ తెర తెల్లగా చేసి చూపించింది. నూకరత్నం కూడబలుక్కుంటూ చదివింది.

"నా పేరేనాండీ! అలా చెక్కేశారేంటండీ, గుడి మెట్ల మీద దాతల పేర్లలాగ?"

"చెక్కలేదు పిన్నీ. ఒకేచోట కదలకుండా ఉంటే మచ్చ పడిపోతుందట. ఇక పోదు." తర్వాత మిగతాది కూడా చెప్పింది, మూడేళ్ల సంగతి.

నూకరత్నం కొంగు కొంచెం పక్కకి తీసి, నడుం మీద చెయ్యి వేసుకుంది. అక్కడ అరచేతి వెడల్పున చర్మం నల్లగా, తోలులా గట్టిపడి ఉంది. బిందె ఆనేచోటు.

"పదకొండేళ్లుగా రోజూ ఎనిమిది బిందెలు, ఒకేచోటండి. మచ్చ పడుద్దని నన్నడిగినా చెప్పేదాన్ని కదండీ" అంది. కోపంగా అనలేదు. "ఆ టీవీకి మచ్చ పడకూడదని ఇంతమంది పెద్దోళ్లు మూడు నెలలు కాపలా కాశారు. అదృష్టం దానిదండి." బండి దగ్గర ఎవరో పిలిస్తే, "ఒచ్చేత్తన్నా" అంటూ వెళ్లిపోయింది.

హైమ చాలాసేపు ఆ తెల్ల తెర ముందే కూర్చుంది. ఒళ్లు మండిపోతోంది. ఈ ఆఫీసులో మనిషి కోసం ఏదీ కదలదు, మానిటరు కోసమైతే కొండైనా కదులుతుంది. ఈ ముక్క రెండేళ్లుగా కళ్లముందే ఉన్నా ఆమెకి ఇప్పుడు తలకెక్కింది.

మధ్యాహ్నం కొనుగోలు ఉత్తర్వు తయారవుతోంది. మానిటరుతోపాటు కావలసినవన్నీ అనుబంధాలుగా చేర్చాలి. కప్పడానికి గుడ్డ, స్టెబిలైజరు, ఎలకలు రాకుండా బోను. భైరవస్వామి వాడుక పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"తెరను మెత్తని తడిగుడ్డతో తుడవవలెనని ఉన్నది. తడి అనగా నీరు. నీటి వనరు చూపనిచో ఆడిట్ వారు ఊరుకుంటారా?"

"మన ఆఫీసు కుళాయి ఉంది కదా" అన్నాడు ప్రభుదాసు.

"అది ఆఫీసుది. మానిటరుకు ప్రత్యేకముగా కేటాయించినది కాదు."

హైమ మొదటిసారి అనుమతి అడక్కుండా మాట్లాడింది. "నేను రాస్తాను సార్." రాసింది. 'అనుబంధం 9: మానిటరు శుభ్రత నిమిత్తం కుళాయి, ఒకటి. బిగించవలసిన స్థలం: తెరపై శాశ్వతముగా చూపబడియున్న చిరునామా.'

ఆ ఖోఖో పిల్లకి అబద్ధం రాయడం రాదని ముందే చెప్పాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"శాశ్వతముగా!" అన్నాడు భైరవస్వామి, తన మాటే తనకి తిరిగి వినబడినందుకు మురిసిపోతూ. "రికార్డుతో సరిపోవుచున్నది. బాగుంది." ఆ ఐదుగురు ఆఫీసర్లూ వరసగా సంతకాలు పెట్టారు. ఆరు నిమిషాలు పట్టింది. మానిటరు కాయితం కదా.

అనుబంధాలన్నీ వారంలోగా బిగించకపోతే మానిటరు లెక్కలోకి ఎక్కదని ఇంకో రూలుంది. శనివారం పొద్దుటే ప్రభుదాసు మనుషులు గునపాలతో పడమటి మెరక వీధికి పోయి, బారెడు గొయ్యి తవ్వి, సాయంత్రానికి కుళాయి బిగించేశారు. నూకరత్నం తిప్పింది. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రనీళ్లు, తర్వాత మంచినీళ్లు. ఆమె దోసిలి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ సోమవారం కూడా పెండింగు జాబితాలో మొదటి పేరు ఆమెదే. పరిశీలనలో ఉన్నది. సంఘం మాట తప్పలేదు.

నెల తిరగ్గానే స్టాకు తనిఖీ వచ్చింది. భైరవస్వామి రిజిస్టరు చంకన పెట్టుకుని, హైమని వెంటబెట్టుకుని, గుడ్డ చూశాడు, బోను చూశాడు, చివరికి పడమటి మెరక వీధికి నడిచొచ్చి కుళాయి చూశాడు. ముందు దాని మెడ మీద స్టాకు నంబరు అంటించాడు. అన్ని అనుబంధాలకీ ఒకే నిబంధనలు వర్తిస్తాయి గనుక, దాని కిందే మానిటరుకి అంటించిన స్టిక్కరు లాంటిది ఇంకొకటి అంటించాడు. టిక్కు పెట్టుకుని, నూకరత్నం ఇచ్చిన చెంబెడు నీళ్లు గటగటా తాగి, ఎవరి నీళ్లో అడక్కుండా వెళ్లిపోయాడు.

నూకరత్నం వంగి చదువుకుంది. "పది నిమిషాలకు మించి కదలకుండా ఉంచరాదు. ఇదేంటండీ మేడంగోరూ?"

"ప్రభుత్వ ఉత్తర్వు పిన్నీ. పాటించాల్సిందే" అంది హైమ. "తిప్పుతూ ఉండు."